మంచునీళ్ళ పదును

రేణిగుంట రోడ్డు, తిరుపతి
ఫిబ్రవరి

అక్కకు,

బావ తన కొలిమిలో చేసి కార్గోలో పంపిన రెండు గడ్డి మిషను బ్లేడ్లూ అందాయి. వాటికి చుట్టిన చీటీ కూడా అందింది. "తిరుపతి ఫర్నేసులో పరీక్షించి మెచ్చుకున్నవి" అని, ఉక్కు కాల్చి పదును పెట్టే మా షాపు ముద్ర కొట్టించి పంపాలట. ఆ చీటీ చదివి ఫర్నేసు దగ్గర అందరం నవ్వుకున్నాం. బ్లేడు చూశాక నాకు నవ్వు రాలేదు.

ఒకదాన్ని నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీదికి వదిలాను. సుత్తితో కొట్టలేదు, విసిరేయలేదు, వదిలానంతే. రెండు ముక్కలైంది. పింగాణీ కప్పయినా ఒక్కోసారి బతికిపోతుంది. నీ మొగుడి బ్లేడుకు ఆ మాత్రం ఆయుష్షు కూడా లేదు.

ఫోను చేసి చెప్పొచ్చు. కానీ నేను ఎప్పుడు చేసినా బావ స్పీకరు పెడతాడు, అంగడి ముందు బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా నా మాటలు విని పళ్ళికిలిస్తారు. అందుకే రాస్తున్నా.

ఏం తప్పు చేశాడో విను. ఉక్కు అంటే ఇనుములో రవ్వంత కర్బనం. మామూలుగా ఆ కర్బనం ఇనుములో పొరలు పొరలుగా సర్దుకుని ఉంటుంది. ఎర్రగా కాల్చితే ఇనుము తన లోపలి అమరికనే మార్చుకుంటుంది, కర్బనమంతా అందులో కరిగిపోతుంది. నిదానంగా చల్లారనిస్తే కర్బనానికి బయటికొచ్చి మళ్ళీ పొరలుగా కూర్చునే టైము దొరుకుతుంది. ఆ ఉక్కు మెత్తగా ఉంటుంది, వంగుతుంది గానీ విరగదు. దబ్బున నీళ్ళలో ముంచితే ఆ టైము దొరకదు. ఇనుము పాత అమరికకు పోవాలని చూస్తుంది, ఎక్కడిదక్కడ చిక్కుకుపోయిన కర్బనం పోనివ్వదు. బ్రహ్మోత్సవాలప్పుడు కొండ బస్సులో తలుపు మూశాక లోపల జనం ఎట్లుంటారో అట్లా. చెయ్యి కదపలేరు, పక్కవాడి మోచెయ్యి పక్కటెముకల్లో ఉంటుంది. మా షాపులో దాన్ని మార్టెన్సైట్ అంటారు. గాజంత గట్టి, గాజంత పెళుసు. దాన్ని అట్లాగే వదిలేసి అమ్మేవాడు కత్తి అమ్మడం లేదు, గాజుపెంకు అమ్ముతున్నాడు.

ఇది తెలుసుకునేదానికి నేను కాలేజీకి పోలేదు. ఫోనులో వీడియోలు ఆపి ఆపి చూసి నేర్చుకున్నా. బావ దగ్గర నాకంటే మంచి ఫోను ఉంది. అందులో ఆయన ఫైట్లు చూస్తాడు.

దీనికి మందు ఉంది. అదంతా వెనకాల పేజీలో వివరంగా రాశాను. చదివి వినిపించు, చదవడం వస్తే ఆయన్నే చదవమను.

తమ్ముడు
యోగానంద


పలమనేరు
ఫిబ్రవరి

ఒరే యోగా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నా చేతులకు పేడ ఉంది. మీ బావ తీసుకున్నాడు. "పింగాణీ కప్పు" దాకా గట్టిగా చదివాడు. "చదవడం వస్తే" అనే మాట ఎక్కడ రాశావో గానీ అది కూడా కంటపడింది. వెనకాల పేజీలో మొదటి వరుస మాత్రం చూసి, ఆ కాగితాలన్నీ చుట్టి కొలిమి అంటించాడు. నువ్వు రాసిన మందు కూడా అందులోనే పోయింది. నేను ఒక్క అక్షరం చదవలేదు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే, వెనకాల పేజీలో ఏదో మందు ఉండిందని మాత్రం తెలిసింది.

ఆయన కోపంలో అన్న మాటలు అట్లాగే రాస్తున్నా. "నీ తమ్ముడు ఆడ ఫర్నేసు తలుపు తీసి మూసే పనోడు. నాకు పాఠం సెప్తాడా? ఒకసారి గట్టిపడినాక మళ్ళా కాల్చి మెత్తగా చేసేదానికి నాకేమన్నా పిచ్చా?"

ఇక్కడి సంగతి నీకు తెలియదు. మన వైపు రైతు బ్లేడు కొనేముందు ఏం చేస్తాడంటే, జేబులోంచి ఆకురాయి తీసి అంచు మీద రుద్దుతాడు. ఆకురాయి జారిపోతే గట్టిదని కొంటాడు. రవ్వంత పట్టిందా, "ఇది పసుపుకొమ్మప్పా, కత్తి కాదు" అని బల్ల మీద పడేసి పోతాడు. ఇదివరకు మనవి అట్లానే వెనక్కి వచ్చేవి. చిల్లింగ్ సెంటరులో పనిచేసే ఏకాంబరం ఉపాయం చెప్పాడు. పాలు చల్లబరిచే మంచునీళ్ళు డ్రమ్ముతో తెచ్చి ఇస్తున్నాడు. లారీ కమాను పట్టీలు కోసి, ఎర్రగా కాల్చి, ఆ మంచునీళ్ళలో ముంచుతున్నాడు మీ బావ. ఇప్పుడు ఏ ఆకురాయీ పట్టదు. "మంచునీళ్ళ పదును" అని బోర్డు కూడా రాయించాడు. గంగవరం నుంచి, బైరెడ్డిపల్లి నుంచి కూడా వస్తున్నారు. మునస్వామి అని ఒకాయన అయితే తన బ్లేడు మీద ఆకురాయి జారించి ఊరంతా చూపించుకుంటున్నాడు.

మీ బావ చాలా ఏళ్ళకు తల పైకెత్తుకుని తిరుగుతున్నాడు. ఆ తలను తొక్కకుండా చెప్పలేవా? తిట్లు లేకుండా మందు మాత్రం మళ్ళీ రాయి. ముద్ర సంగతి నేను మర్చిపోమంటాను.

మీ అక్క
రూపశ్రీ


తిరుపతి
మార్చి

అక్కకు,

మంచునీళ్ళా! నేను ఇన్నాళ్ళూ ఆయన్ని తెలివితక్కువవాడనుకున్నాను. కాదు, కష్టపడి మరీ తెలివితక్కువ పని చేసేవాడు. మామూలు మూర్ఖుడు బోరునీళ్ళతో ఆగుతాడు.

ఆయనకూ ఏకాంబరానికీ కలిపి చెప్పు. దబ్బున చల్లార్చడానికి ఒక హద్దు ఉంటుంది. కర్బనానికి సర్దుకునే టైము దొరకనంత వేగం ఉంటే చాలు, ఉక్కు గట్టిపడిపోతుంది. ఆ హద్దు దాటి ఎంత వేగంగా చల్లార్చినా అంతకంటే గట్టిపడదు. లోపలి పొరల మధ్య లాగులాట మాత్రం పెరుగుతుంది. పైపొర ముందు చల్లారి బిగుసుకుంటుంది. లోపలిది తర్వాత మారుతుంది, మారేటప్పుడు ఉబ్బుతుంది. బిగుసుకున్న చొక్కా లోపల వొళ్ళు ఉబ్బితే ఏమవుతుంది? కుట్టు దగ్గర పిగులుతుంది. బ్లేడుకు ఆ కుట్టు బోల్టు రంధ్రం. పైగా లారీ కమాను పట్టీ మామూలు ఉక్కు కాదు, నూనెలో ముంచినా గట్టిపడేది. దాన్ని మంచునీళ్ళలో ముంచడమంటే పసిపిల్లను లేపడానికి చెంబుతో కొట్టడం.

ఆకురాయి రుద్ది కత్తి కొనే మీ రైతులకు నా దండాలు. గడ్డి కోసే బ్లేడును ఆకురాయితో పరీక్ష చేసేవాళ్ళు పాలిచ్చే ఎనుమును కొమ్ముల పొడవు చూసి కొంటారు కాబోలు.

ఇక మందు సంగతి. మళ్ళీ రాయను. రాసింది కొలిమిలో వేసుకున్నది ఆయన. కావాలంటే ఆయనే తన చేత్తో, "యోగానందా, నాకు తెలియదు, చెప్పు" అని రాయమను. అప్పుడు ఆలోచిస్తా. ఫర్నేసు తలుపు తీసి మూసే పనోడికి కూడా కాస్త మర్యాద ఉంటుంది.

నువ్వు మాత్రం ఒక పని చెయ్యి. మన ఇంటి గడ్డి మిషనుకు ఆ బ్లేడు వద్దు. పాతది బిగించుకో.

యోగానంద


పలమనేరు
ఏప్రిల్

యోగానంద తమ్ముడికి రూపశ్రీ అక్క రాయించునది.

ఇక్కడ అందరం బాగున్నాము. చేతికి గోరింటాకు పెట్టుకున్నందున పక్కింటి టైలరు నిస్సీ చేత రాయిస్తున్నాను. మీ బావగారు నీ మాటలు ఆలోచిస్తామన్నారు. మన ఇంటి మిషనులో ఒక బ్లేడు విరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. విరిగిన ముక్కలు ఈ పార్సిలులో పంపుతున్నాము. ఎందుకు విరిగిందో చూసి రాయవలెను. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నీళ్ళు బాగా తాగు.

ఇట్లు
రూపశ్రీ


తిరుపతి
ఏప్రిల్

అక్కా,

ముక్కలు చూశాను. విరిగిన అంచులో బోల్టు రంధ్రం పక్కన కొంతమేర నల్లగా తుప్పు ఉంది. మిగతాదంతా చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. మెరిసేది మొన్న విరిగింది. తుప్పు పట్టింది పాత పగులు, మంచునీళ్ళలో ముంచిన రోజే పుట్టింది. నీళ్ళు అప్పుడే అందులోకి దిగాయి. అంటే పగిలిన బ్లేడునే బిగించాడు. దాని మీద ఆకురాయి భేషుగ్గా జారి ఉంటుంది.

రెండు ముక్కలూ కలిపి పెట్టి చూశాను. మూల కలవడం లేదు. బొటనవేలంత ముక్క తక్కువ. అది ఎక్కడ?

నీకు గోరింటాకు వాసనే పడదు. నీ పెళ్ళికి పెట్టిన గోరింటాకును ఏడ్చి ఏడ్చి కడుక్కున్నావు. మోచేతుల దాకా పేడ పనిలో ఉండేదానివి ఏప్రిల్ నెలలో ఏ పండగకు పెట్టుకున్నావు? "రాయవలెను" అని నీ జన్మలో ఎప్పుడైనా రాశావా?

ఆ ముక్క ఎక్కడ ఉందో నీ చేత్తో రాయి. బావకు ఏమీ చెప్పొద్దు. ఆయన మొహం నాకు గుర్తుకు తేవద్దు.

యోగానంద


పలమనేరు
ఏప్రిల్

యోగా,

ఇది ఎడమచేత్తో రాస్తున్నా. వంకరగా ఉంటే సర్దుకో.

ఆ ముక్క నా కుడి మణికట్టులో ఉండింది. చిత్తూరు ఆసుపత్రిలో తీశారు. బొటనవేలూ చూపుడువేలూ ముడుచుకోవడం లేదు. నరం కుట్టాము, నిదానంగా రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. పాలు పితకడం ఇప్పుడు నిస్సీ వాళ్ళమ్మ చూస్తోంది.

పాత బ్లేడు బిగించుకోమని నువ్వు రాసింది నిజమే. నేనే బిగించుకోలేదు. బ్లేడు అమ్మేవాడి ఇంట్లోనే పాత బ్లేడు తిరుగుతుంటే పాలు పోయించుకునేదానికి వచ్చే ప్రతి ఆడమనిషీ చూస్తుంది. ఆయన పరువు పోతుందనుకున్నా.

నువ్వు బస్సెక్కి వచ్చి ఆయన్ని కొడతావని చెప్పలేదు. కొట్టేదానికి ఆయనలో మనిషే మిగల్లేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏందో తెలుసా? "ఆ యెనకాల పేజీలో ఏముండె మే?" నేను చదివుంటే కదా చెప్పేదానికి.

ఇప్పుడు నా మాట విను. నువ్వు ఉక్కు గురించి పేజీలు పేజీలు రాశావు. కర్బనం ఎట్లా సర్దుకుంటుందో, బిగుసుకున్న చొక్కా ఎట్లా పిగులుతుందో రాశావు. మందు మాత్రం ఒకసారి చివర్లో రాశావు, రెండోసారి మర్యాద కోసం రాయలేదు. ముంచింది ఆయన, దాచింది నేను, తెలిసీ రాయనిది నువ్వు. ఇందులో ఎవరు ఎవర్ని కొట్టాలో నువ్వే తేల్చుకో. అంత తెలివి ఉంది కదా.

ఆ బ్లేడ్లు ఇంకా చుట్టుపక్కల ఊళ్ళలో తిరుగుతున్నాయి. ఒక్కోదాని ముందు ఒక్కో ఆడమనిషి చెయ్యి ఉంది. కొనేటప్పుడు ఆకురాయి రుద్దేది మొగవాళ్ళు, మిషనులోకి గడ్డి తోసేది మేము. మాలో ఎవరూ ఆకురాయి పట్టుకోలేదు. ఆయన వాటిని వెనక్కి తెస్తానంటున్నాడు. కానీ బదులు ఏం ఇవ్వాలి? చేతకాకనే కదా మంచునీళ్ళు తెచ్చుకున్నాడు.

రాయి. తిట్లు వద్దు.

రూపశ్రీ


తిరుపతి
ఏప్రిల్

బావా,

పని ముందు రాస్తున్నా.

అమ్మినవన్నీ వెనక్కి తెప్పించు. వాటిని మళ్ళీ కాల్చి బాగు చేద్దామనుకోవద్దు. పగుళ్ళు కంటికి కనపడవు, కాల్చినా అతుక్కోవు. తుక్కులో వేసెయ్.

కొత్తవి చేసేటప్పుడు ముందు రంధ్రం అంచులు నున్నగా రుద్దు. పదునైన మూల ఎక్కడున్నా పగులు అక్కడే పుడుతుంది. కొలిమిలో కాల్చేటప్పుడు అయస్కాంతం దగ్గర పెట్టుకో. కాలే ఉక్కుకు అది అంటుకోవడం మానేసిందంటే లోపల మార్పు మొదలైనట్టు. ఇంకొంచెం కాల్చి అప్పుడు తియ్యి. తెల్లగా కాలేదాకా ఉంచావంటే లోపలి పలుకులు పెద్దవై పెళుసుబారుతుంది.

నీళ్ళు వద్దు. నూనె. మా షాపులో వాడే నూనె అడిగి డబ్బాలో కార్గోకు వేశాను. గోరువెచ్చగా చేసి వాడు, చల్లటి నూనె చిక్కగా ఉండి సరిగ్గా వేడిని లాగదు. ఇనుప మూత పక్కనే పెట్టుకో, మంట లేస్తే మూసెయ్. బ్లేడును నిలువుగా దించు, అడ్డంగా పడేస్తే వంకర పోతుంది.

ఆపైన అసలు పని. చేత్తో పట్టుకోగలిగినంత చల్లారగానే, మరుసటి రోజుకు వాయిదా వెయ్యకుండా, ఒక పక్క మెరిసేలా రుద్ది వేడి ఇసుక మీద పెట్టు. రంగు చూస్తూ ఉండు. ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది. తర్వాత బెల్లం రంగు. ఆ తర్వాత వంకాయ రంగు. వంకాయ రంగు రాగానే తీసెయ్. చల్లారనిచ్చి ఇంకోసారి అట్లాగే చెయ్యి. ఇరుక్కున్న కర్బనంలో కొంత ఆ వేడికి సర్దుకుంటుంది, లాగులాట తగ్గుతుంది. గట్టితనం కొంచెం పోతుంది. ఆకురాయి రవ్వంత పట్టుకుంటుంది. పట్టుకోవాలి కూడా.

మొదటి బ్లేడును నేల మీదికి వదిలి చూడు. తర్వాత సుత్తితో కొట్టి చూడు. నిలిస్తేనే రెండోది చెయ్యి.

నిన్ను నేను క్షమించలేదు. నన్ను కూడా నేను వదిలేసుకోలేదు, అది నా గొడవ. నువ్వు "నాకు తెలియదు" అని రాయనక్కర్లేదు. నీకు తెలియదని నాకు తెలుసు.

యోగానంద


పలమనేరు
మే

ఒరే యోగా,

ఎడమచెయ్యి ఇప్పుడు కొంచెం మాట వింటోంది.

మీ బావ నీ ఉత్తరాన్ని గోడకు అంటించుకున్నాడు. చివరి మాటలు మాత్రం కత్తెరతో కత్తిరించి పడేశాడు. పోనీలే. మొదటి మూడు బ్లేడ్లు పాడయ్యాయి. ఒకటి వంకర పోయింది, రెండు వంకాయ రంగు దాటి నీలం రంగు దాకా కాలిపోయాయి. నాలుగోదాన్ని దిమ్మె మీద పెట్టి నేనే కొట్టమన్నాను. కొట్టాడు. మోగింది గానీ విరగలేదు. ఆయన కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

తర్వాత సంతకు పోయాడు. నేనూ పోయాను, కట్టుతోనే. సంత మధ్యలో దిమ్మె వేసి, మంచునీళ్ళ బ్లేడుకు గోనెసంచి చుట్టి కొట్టాడు. సంచి విప్పితే పెంకులు. కొత్తదాన్ని కొట్టాడు, అట్లాగే ఉంది. జనం మూగారు.

"ఏమప్పా ధనశేఖరా, పోయిన నెల మాకిచ్చింది యాది?" అన్నాడు ఒకాయన.

"ఆ పెంకులే," అన్నాడు మీ బావ.

"అప్పుడు మంచునీళ్ళు, ఇప్పుడు నూనె. రేపు సాంబారులో ముంచుతావా?"

అందరూ నవ్వారు. మీ బావ నవ్వనిచ్చాడు. "నాకు తెలీక చేసినాను. మీ ఇంట్లో ఆడోళ్ళను అడగకుండా మీరు కొన్నారు, నా ఇంట్లో ఆడమనిషిని అడగకుండా నేను అమ్మినాను. పాతవి తెచ్చి కొత్తవి తీసుకపోండి," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నాకు కోపం ఇంకా పోలేదు. కానీ ఆ మనిషి సంత మధ్యలో ఆ మాట అంటాడని నేను అనుకోలేదు, నువ్వూ అనుకోవు.

బోర్డు దించేశాడు. అంగడి బెంచీ ఖాళీ అయింది. బ్లేడ్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఒక్కటి మాత్రం రాలేదు. మునస్వామిది.

మీ బావ ఆయన ఇంటికి రెండుసార్లు పోయాడు. "నీ పెండ్లాం చెయ్యి అడ్డం పెట్టి తెగ్గోసుకుంటే నా బ్లేడు ఎందుకియ్యాల? ఈ సుట్టుపక్కల ఇంత గట్టిది ఇంగొకటి లేదు. గమ్మున పో," అని తరిమేశాడు.

నిన్న సాయంత్రం ఎనుములకు గడ్డి వేసే వేళకు నేనే పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆయన భార్య దేవకమ్మ మిషను ముందు నిలబడి నేపియర్ గడ్డి తోస్తోంది. మోటారు ఆపమన్నాను. ఆపింది. మునస్వామి అరుగు మీది నుంచే కేక వేశాడు.

"ఏమ్మే, మళ్ళా బ్లేడు కోసమా? మీ ఆయనకు చెప్పినాను గదా!"

నేను దేవకమ్మ ముందు కట్టు విప్పాను. వేళ్ళు ముడవమని అడిగింది. ముడవలేనని చూపించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన చేతిని పక్కన పెట్టి చూసుకుంది.

"నీ బ్లేడు విరిగే ముందు ఏమన్నా శబ్దం వచ్చిందా?" అంది.

"రాలే."

"పగులు కనపడిందా?"

"కనపడలే. ఆ పొద్దు కూడా బాగానే కోసింది."

ఆమె మిషను పక్కకు వంగింది. మేత గాడి కింద నుంచి స్పానరు తీసింది. మునస్వామి లేచి వచ్చాడు. "మే, ముట్టుకుంటే బాగుండదు సూడు! ఊరంతా నా బ్లేడు చూసేదానికి వస్తాండారు!"

"వచ్చినోళ్ళను గడ్డి తొయ్యమను," అంది దేవకమ్మ, తల తిప్పకుండానే.

ఆయన నా చెయ్యి చూశాడు. వెళ్ళి ఎనుము పక్కన నిలబడ్డాడు.

బ్లేడు నట్టు బిగుసుకుపోయి ఉంది. ఆమె ఒక్కత్తికి తిరగలేదు. బ్లేడు బిగించిన చక్రం తిరగకుండా నేను ఎడమచేత్తో పట్టుకుని నా బరువంతా దాని మీద వేశాను. ఆమె స్పానరు మీద కాలు పెట్టి తొక్కింది. నట్టు కదిలింది.

రూపశ్రీ